సుబ్బి నడిగినవారెవరు?

పల్లెటూరి యున్నతపాఠశాలలలో వార్షికోత్సవము వచ్చినప్పుడెల్ల బాల్యవివాహములపై నొక నాటిక యాడుట పరిపాటియైనది. తండ్రి దురాశాపరుడు, తల్లి యేడ్చును, అధికారి యొకడు ప్రవేశించి యుపన్యాసము చేయును, తండ్రి తక్షణమే మనసు మార్చుకొనును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. ఆ నాటికలో వేషము వేసిన బాలికకే యా వేసవిలో పెండ్లి కుదురుటయు మేమెఱుగుదుము. సదుద్దేశముతో వ్రాసిన యీ నాటికలు ఫలింపకుండుటకు హేతువు స్పష్టము. నిజమైన తండ్రి యుపన్యాసమునకు లొంగడు.

ప్రపంచారోగ్యసంస్థ 1990వ దశకమున జీవననైపుణ్యములను పేర్కొన్నది. నిర్ణయము చేసికొనుట, విమర్శదృష్టితో నాలోచించుట, పరుల మనసెఱుగుట, తన మాటను తెలియజెప్పుట వానిలో ముఖ్యములు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలతో మేళవించిన బోధనను కోరుచున్నది. మంచిదే. రంగులు, వాద్యములు, కళోపాధ్యాయుడు లేని బడి యేమి చేయవలెను? గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చేపట్టవలెనని మా యభిప్రాయము. 1892లో విజయనగరమున ప్రథమముగ ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంపొంది మరల వెలువడిన యీ నాటకమునకు తెరలతో పనిలేదు. నాలుగు ప్రతులును, వేపచెట్టు నీడయు చాలును.

దీని బలమెందున్నది? అగ్నిహోత్రావధానులు రాక్షసుడు కాడు. కోపమును, వ్యాజ్యములును ముదిరిన గృహస్థుడు. బిడ్డలకు తాము చూచిన మనిషివలెనే తోచును. వెంకటేశమన్ననో, వారి యీడువాడే. గిరీశము నోట జాలువాఱు నింగ్లీషును విద్యయనియు, ఉపన్యాసములను సంస్కారమనియు భ్రమించును. పలుకునకును నడతకును గల దూరమును కొలుచుట యీ గురుశిష్యుల రంగములకంటె చక్కగా నేర్పు పాఠము మేము చూడలేదు. నవ్వుచునే నేర్తురు.

అయినను నాటకమున నొక లోపము కలదు. సుబ్బి పెండ్లిని గూర్చి యందఱును మాటలాడుదురు. తల్లి నూతిలో దూకును, మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టును, మధురవాణి తోడ్పడును. సుబ్బిని మాత్రము నీ మనసేమని యడుగువారు లేరు. ఆమెను కాపాడినది పెద్దల కపటోపాయమే. ప్రహసనమునకది సొంపు, బాలికలకు దారి కాదు, ఏలయన నింటింటను కరటకశాస్త్రి యుండడు.

ఈ లోపమునే మేము తరగతిలో పనిముట్టుగా వాడితిమి. రంగమును చదివించి, సుబ్బి నోటి మాటలను మీరే వ్రాసి యాడుడని తొమ్మిదవ తరగతివారిని కోరితిమి. మొదట నందఱును తండ్రిని తిట్టించిరి. తండ్రి వేషధారి కోపించి లేచిపోగానే సంభాషణ ముగిసెను. మరల వ్రాసిరి. మూడవసారి యొక బాలిక, “నాన్నా, పదవ తరగతి పరీక్ష వ్రాయనిమ్ము, అంతవఱకు మాట యియ్యకుము” అని మాత్రమే పలికెను. తండ్రి వేషము వేసిన బాలుడు బదులు తోచక నిలిచిపోయెను. కొన్ని నెలలకు నా బాలిక తన యింటిలోను ఆ మాటనే పలికినదని తల్లి మాకు చెప్పినది. సంబంధము తప్పిపోలేదు, వాయిదాపడినది. అంతకుమించి చెప్పుట యతిశయోక్తి యగును.

వేశ్యాపాత్రము గల నాటకము బడిలోనా యని కొందఱు పెద్దలు శంకింతురు. ఈడునకు తగిన రంగములను ఏఱుకొనుట యుపాధ్యాయుని బాధ్యత. నాడు తండ్రి శుల్కము గొనెను, నేడు కట్నమిచ్చును, కావున నాటకము పాతబడినదని మఱికొందఱందురు. నిజమే, ఆ భేదమును బిడ్డలచేతనే చెప్పింపవలెను. వయసుతోపాటు కట్నము పెరుగునను భయమును వారు మాకంటె బాగుగ నెఱుగుదురు. 2006 నాటి చట్టము కన్యకు 18, వరునకు 21 ఏండ్లు విధించినది. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మంది పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు; దేశమున నీ సంఖ్య 23.3.

కావున ఉపాధ్యాయులారా, 1098 అను సహాయసంఖ్యను గోడమీద వ్రాయుడు, దానితో తృప్తిపడకుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ బడిలో సుబ్బి వేషము వేసినదని విన్ననాడు, ఇంటికి రాగానే యా మాటలను మీ యెదుట నొకసారి చెప్పుమని యడుగుడు. అవధానులు చేయని పని యదియే.