వీడియో ఆపాల్సిన చోటు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి చైతన్యపురి వైపు నడిస్తే రెండు పక్కలా కోచింగ్ బోర్డులే. వాటి మధ్య యానిమేషన్, గ్రాఫిక్స్, ఎడిటింగ్ నేర్పే చోట్లూ ఉన్నాయి. బొమ్మను కదిలించే విద్యకు ఇంత గిరాకీ ఉన్న పేటలో, కదిలే బొమ్మను ఎనిమిదేళ్ళ పిల్లల ముందు ఎలా పెట్టాలో టీచర్లకు నేర్పే చోటు మాత్రం నాకు కనపడలేదు. ఎల్బీ నగర్ దగ్గర ప్రైమరీ పిల్లలకు చెప్పేదాన్ని కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

తెర మీద పాఠం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ బోధనా ప్రయోగంలో ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 ఊళ్ళకు టీవీ కార్యక్రమాలు అందించింది. అందులో మన ఊళ్ళూ ఉన్నాయి, బడిపిల్లలకు పొద్దున పూట పాఠాలూ ఉన్నాయి. మళ్ళీ కరోనాలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళ పాఠాలు ఇళ్ళకు చేరాయి. రెండుసార్లూ పెద్ద పనే జరిగింది. కానీ పిల్ల చెయ్యెత్తితే ఆ తెర ఆగదు. క్లాసులో ఆపగలం. నా దృష్టిలో మొత్తం పనితనం అక్కడే ఉంది.

నాలుగో తరగతికి పటాల పాఠం చెప్పేటప్పుడు గూగుల్ ఎర్త్‌లో సరూర్‌నగర్ చెరువు తెరుస్తాను. అందులో పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు కూడా చూడొచ్చు. ముందు ఇప్పటి బొమ్మ పెట్టి, మెట్రో లైను పట్టుకుని విక్టోరియా మెమోరియల్ స్టేషన్ ఎక్కడో వెతకమంటాను. వాళ్ళ గల్లీ దొరికేదాకా తొందర పెట్టను. తర్వాత పాత బొమ్మకు వెళ్ళి ఆపేస్తాను. ఏం మారిందో నేను చెప్పను. ఒకసారి ఒక పిల్ల లేచి, "మేడం, ఇండ్లు చెరువు దాంక వచ్చినయి" అంది. ఇంకో అబ్బాయి, "వానకు మా ఇంట్లకు నీళ్ళొచ్చినయంట, మా అమ్మ చెప్పింది" అన్నాడు. 2020 అక్టోబర్ వరద సంగతి అది. ఆ నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఉంటాయని అడిగితే, వేళ్ళు తెర మీద దారి గీశాయి. ఇంటికెళ్ళి అమ్మనూ తాతనూ ఇంకేం అడగాలో వాళ్ళే రాసుకున్నారు. ఉత్తరం, దక్షిణం ఆ రోజు మళ్ళీ చెప్పే పని పడలేదు.

వీడియోలయితే చాలావరకు మాట తీసేసి వేస్తాను. వ్యాఖ్యానం పుస్తకాల తెలుగులో ఉంటుంది, పిల్లల్లో పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి పని కోసం వచ్చిన కుటుంబాల వాళ్ళున్నారు, ఇంట్లో హిందీ మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. మాట లేకపోతే తమకొచ్చిన మాటల్లో వాళ్ళే చెబుతారు. విత్తనం మొలకెత్తే బొమ్మ నలభై సెకండ్లు చాలు. వేర్లు బయటికి రాకముందే ఆపి, ముందు ఏది వస్తుందో ఊహించి గీయమంటాను. ఆ రోజే పెసలు తడిగుడ్డలో కట్టించకపోతే మాత్రం ఆ వీడియో వేయడం దండగ. ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటాను, నెట్ పోయినా ప్రకటనలు వచ్చినా పిల్లల మనసు మళ్ళీ పాఠానికి రాదు.

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైంది, తెలుగు కథలున్నాయి, అచ్చు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. తెర మీద ఒకసారి చూపి, తర్వాత కాగితం చేతికిస్తాను. చదవడం కాగితం మీదే కుదురుతుంది.

పెద్ద ప్యానెళ్ళు గోడకు బిగిస్తే డిజిటల్ క్లాసు అయిపోయిందనుకునే పద్ధతి నాకు నచ్చదు. వీడియో ముందే చూసి, కత్తిరించుకోవడానికి టీచర్‌కు టైమివ్వాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఒక్కొక్కరం ఒక్కో క్లిప్పు తెద్దాం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఆపి ఏం అడగాలి అన్నవి రాసి. చెరువు ఫైలు నేనిస్తాను. వనస్థలిపురం టీచర్లు ఎవరైనా హరిణ వనస్థలి కృష్ణజింకల మీద ఒకటి చేస్తే, మా పిల్లలను పార్కుకు తీసుకెళ్ళే ముందు అదే వేస్తాను.