చారుకు రెండు రోజులు సెలవు

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఫోన్లలో తిరుగుతున్న ఒక కషాయం. శొంఠి, మిరియాలు, లవంగాలు, పిప్పళ్లు, వాము, దాల్చినచెక్క అన్నీ వేసి, గ్లాసుడు నీళ్లు పావు గ్లాసయ్యేదాకా మరిగించి, పొగలు కక్కుతుండగానే తాగాలట. మా పక్కింట్లో గొంతునొప్పితో ఉన్న ఏడేళ్ల పిల్లాడికి అదే పట్టించారు. వాడి ఏడుపు గోడ ఇవతలికి వినపడింది. గుటకే పడని గొంతులో అంత ఘాటు పోయడానికి చేతులెలా వచ్చాయో!

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా మొగ్గు ఎటో తెలిసిందే. గొంతు బాగోలేదంటే మా ఇంట్లో ముందు పొయ్యెక్కేది మిరియాల చారు. పప్పు వద్దు, చారుపొడి అసలే వద్దు. చింతపండు పులుసు పల్చగా తీసి, మిరియాలూ జీలకర్రా వెల్లుల్లీ రోట్లో కచ్చాపచ్చాగా దంచి వెయ్యాలి. నురగ అంచుల నుంచి మధ్యకి చేరి పైకి లేస్తుండగానే దించెయ్యాలి. తెర్లిందంటే రుచి చెడినట్టే. నేతిలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు తిరగమోత పెట్టి, వెంటనే మూత వెయ్యాలి. మూత సంగతి ఎన్నిసార్లు రాసినా మళ్లీ రాస్తాను, ఆ ఘుమఘుమలోనే సగం ఉపశమనం ఉంది.

వేడిగా తాగితే హాయి అన్నది ఉత్త నమ్మకం కూడా కాదు. వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు జలుబు చేసిన 30 మందితో ఒకే పళ్లరసాన్ని వేడిగానూ, మామూలుగానూ తాగించి చూశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు రెండు రకాలుగానూ తగ్గాయి. గొంతునొప్పి, చలి, నీరసం మాత్రం వేడిగా తాగినప్పుడే తగ్గాయి.

ఇక చారుదే గెలుపు అని ముగించేద్దామనుకుంటుండగా మా ఊరి భాగవతారు గుర్తొచ్చారు. శ్రీరామనవమి పందిట్లో హరికథ చెప్పడానికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవారు. ఒక ఏడు రెండో రాత్రికే ఆయన గొంతు బొంగురుపోయింది. అమ్మ మిరియాలు రెండింతలు వేసి చారు కాచి తెచ్చింది. ఆయన గ్లాసు వంక చూసి చేతులు జోడించారు. "తల్లీ, ఘాటు గొంతుకి పని చెబుతుంది. రాత్రికి దానికి నేను పని చెప్పుకోవాలి కదా" అన్నారు. అడిగి పెట్టించుకున్నవి రెండే: ఉప్పు రాయి వేసిన గోరువెచ్చని గంజి, పాలు పోసి మెత్తగా పిసికిన అన్నం. సాయంత్రం దాకా మాటన్నది లేదు, ఏం కావాలన్నా సైగే. దవడన కరక్కాయ పెచ్చు. నాకూ చిన్న ముక్క పెట్టారు. వగరు నోరంతా పట్టేసి, నాలుక బిగుసుకుపోయింది. కాసేపటికి నోట్లో నీళ్లు ఊరడం మొదలైంది. ఆ ఊట కోసమే ఆయన దాన్ని గంటల తరబడి దవడన పెట్టుకునేది. ఆ రాత్రి లంకాదహనం దాకా ఆయన గొంతు ఎక్కడా తడబడలేదు.

గంజి, కరక్కాయ, చెంచాడు తేనె, అన్నీ చేసేది ఒకటే పని: ఒరుసుకుపోయిన గొంతుని తడిగా ఉంచడం. మిరియం దారి వేరు. ముక్కు దిబ్బడేసినప్పుడు అది దేవుడిలా ఆదుకుంటుంది. కానీ గొంతు ఎర్రగా వాచి గుటక మింగితేనే ప్రాణం పోతుంటే, పులుపూ ఘాటూ పుండు మీద కారమే. ఆ రెండు రోజులూ చారు పక్కన పెట్టాలని నేనే అంటున్నాను. మరీ పొగలు కక్కేవీ వద్దు. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలు అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది.

ఇంకో మాట అంటే పెద్దవాళ్లకి కోపం వస్తుంది. చల్లనివి పెట్టొచ్చు. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకి డాక్టర్లే ఐస్‌క్రీమ్ పెట్టమంటారు, చల్లదనానికి నొప్పి మొద్దుబారుతుంది కాబట్టి. గొంతునొప్పి ఎక్కువసార్లు వైరస్ వల్ల వస్తుంది, పెరుగు వల్ల కాదు. పులవని పెరుగు కలిపి మెత్తగా పిసికిన అన్నం పిల్లాడు తింటానంటే పెట్టండి. నొప్పికి భయపడి నీళ్లు మానేస్తేనే ప్రమాదం. ఏడాది నిండని బిడ్డకి మాత్రం తేనె నాకించకండి. అందులో ఉండే బోటులినం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించగలదు.

జలుబూ దగ్గూ లేకుండా జ్వరం కాసి, మెడ కింద బిళ్లలు కట్టి, గొంతులో తెల్లటి మచ్చలు కనిపిస్తే అది స్ట్రెప్ బ్యాక్టీరియా కావచ్చు. దానికి మందు పడకపోతే కొందరు పిల్లల్లో కీళ్లవాతపు జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. అప్పుడు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఉమ్మి కూడా మింగలేకపోతున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా ఇక క్షణం ఆగకూడదు.