ఎనిమిది మంది కలిసి వేసే ముగ్గు

బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్ళలో 'త్సూరో'కి పెద్ద గౌరవం లేదు. మూడు గంటల ఆటకి జనం పోగయ్యేలోపు ఆడుకునే పావుగంట కాలక్షేపం అంటారు. టామ్ మెక్‌మర్చీ తయారుచేసిన ఈ ఆట 2005లో వచ్చింది. జపనీస్‌లో త్సూరో అంటే దారి. విధి, ప్రయాణం, డ్రాగన్లు అంటూ దీనికి ఒక వేదాంతం వేషం తొడిగారు. ఆ వేషం నాకు నచ్చదు. లోపలున్న ఆట మాత్రం దానికి దొరికిన పేరుకంటే చాలా పెద్దది.

ఆరు వరసలు, ఆరు నిలువులు, మొత్తం 36 గడుల బోర్డు. ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. ఒక్కొక్కరికీ ఒక రాయి, దాన్ని బోర్డు అంచున పెట్టుకోవాలి. చేతిలో మూడు టైల్స్ ఉంటాయి. మన వంతు రాగానే రాయి ముందున్న ఖాళీ గడిలో ఒక టైల్ వేసి, దాని మీది గీత ఎక్కడిదాకా తీసుకెళ్తే అక్కడిదాకా వెళ్ళాలి. ఆ గడిని ఆనుకుని ఇంకెవరి రాయి ఉన్నా అది కూడా కదలాల్సిందే. గీత అంచుకి చేర్చిందా, ఔట్. రెండు రాళ్ళు ఎదురెదురుగా గుద్దుకుంటే ఇద్దరూ ఔట్. చివరిదాకా బోర్డు మీద ఉన్నవాళ్ళు గెలిచినట్టు. అంతే, చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఇందులో పాచికలు లేవు. ఒక్కో టైల్‌కి నాలుగు వైపులా రెండేసి చొప్పున ఎనిమిది కొసలుంటాయి. వాటిని జతలుగా కలపడానికి 105 పద్ధతులున్నాయి. తిప్పి చూస్తే ఒకటే అయ్యేవాటిని ఒకటిగా లెక్కపెడితే మిగిలేవి 35. పెట్టెలో ఉన్న దారి టైల్స్ కూడా సరిగ్గా 35. సాధ్యమైన మలుపుల్లో ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ రెండోసారి రాలేదు. కోడ్ రాసి బతికేవాడికి ఇంత శుభ్రమైన పెట్టె చూస్తే ముచ్చటేస్తుంది. విధి అని పెట్టె చెప్పేది నిజానికి లెక్కకి అందే జాబితా. మరి ఆడుతుంటే గుండె ఎందుకు కొట్టుకుంటుంది? మన గడిలో తర్వాతి టైల్ వేసేది మనమే కాకపోవచ్చు కాబట్టి.

సంక్రాంతి సెలవుల్లో తగరపువలసలో మేం ఆడుతుంటే మా పిన్ని చూసి, "మెలికల ముగ్గే కదరా, మరి చుక్కలేవీ?" అంది. ఈ ఆట మీద నేను విన్న మంచి విమర్శ అదే. ముగ్గుకి చుక్కలు ముందే ఉంటాయి. గీత ఎక్కడ తిరిగి కలవాలో వేసే చేతికి తెలుసు. చిన్న చిన్న మెలికలు ఒక నియమం ప్రకారం పెరిగి పెద్ద ముగ్గవుతాయి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి వాళ్ళు 1970ల్లో కోలాలని కంప్యూటర్ సైన్స్ వ్యాకరణాలుగా చదివింది ఆ క్రమం ఉండబట్టే. త్సూరోలో మెలికలున్నాయి, నియమాలున్నాయి. ముందే అనుకున్న ముగ్గు లేదు. వేసే చేతులు ఎనిమిది, ఎవరి భయం వాళ్ళది.

మన అష్టాచెమ్మాలో దెబ్బ తిన్న కాయ ఇంటికెళ్ళి మళ్ళీ బయల్దేరుతుంది, ఎప్పటికో నడిమింట్లో పండుతుంది. త్సూరోలో పండడం లేదు, రెండో బతుకూ లేదు. చేరాల్సిన చోటంటూ లేదు, అంచుకి దూరంగా ఉండటమే పని. మా ఊరి హైవే మీద ఇంజినీరింగ్ కాలేజీ బస్సుల్లో తిరిగిన ఏ బ్యాచ్‌కైనా ఇది తెలిసిన సంగతే. 'నీ దారి నువ్వే వేసుకో' అని స్టేజీ మీద చెప్తారు. కానీ మనల్ని ఇక్కడిదాకా తెచ్చిన మలుపులు లెక్కేస్తే, రూమ్మేట్ పంపిన రెఫరల్, సీనియర్ వదిలేసిన సీటు, ఆ ఏడాది క్యాంపస్‌కి రాని కంపెనీ. మన చేతిలోంచి పడ్డ టైల్స్ ఎన్ని? ఆట పేరు దారి అయినా, ఆట నడిచేది పక్కవాడి గురించే.

లోపాలు లేవని కాదు. ఇద్దరే ఆడితే సగం ఆటదాకా ఒకరికొకరు తగలరు, ఎవరి మూల వాళ్ళదే. ఎనిమిది మందైతే పక్కవాడు ఏం వేస్తాడో ఆలోచించే లోపే రాయి బయటపడుతుంది. నలుగురైదుగురు సరైన లెక్క. ఇక చివరి వంతుల్లో చేతిలో ఉన్న టైల్స్‌ని ఎటు తిప్పినా అన్నీ అంచుకే పోతుంటాయి. అక్కడ ఎంపిక పేరుకే. పెద్ద ఆటలు ఆడేవాళ్ళు దీన్ని తక్కువ చేసేది ఇందుకే. నాకు మాత్రం ఆ ఇరుకు కూడా ఆటలో భాగమే అనిపిస్తుంది. ముందు వంతుల్లో విచ్చలవిడిగా వాడుకున్న ఖాళీకి అప్పు తీర్చే చోటు అది.

ఔటైనవాడు లేచి వెళ్ళిపోతే నష్టపోతాడు. అతని చేతిలో మిగిలిన టైల్స్ కట్టలోకి వెళ్తాయి, బతికున్నవాళ్ళు వాటిని తీసుకుని ఆడతారు. అతను వేసిన గీతలు బోర్డు మీదే ఉంటాయి. గెలిచిన రాయి చాలాసార్లు వాటి మీదుగానే నడుస్తుంది. ఆట అయ్యాక బోర్డు చూడండి. ఏ గీత ఎవరు వేశారో విడదీయలేం. ఓడినవాళ్ళ పనిని చెరిపెయ్యకుండా గెలుపు చూపించే ఆటలు తక్కువ. పావుగంటలో ఇది ఆ పని చేస్తుంది.