నటనలో దాగిన దర్శకత్వం: హెలెనా ఇగ్నెజ్ చిత్రాల పరిశీలన

బ్రెజిల్ సినిమా చరిత్రలో నటి హెలెనా ఇగ్నెజ్ పేరు చాలాకాలం ఇద్దరు దర్శకుల పేర్ల పక్కనే వినిపించింది. మొదటి భర్త గ్లౌబర్ రోషా 'సినిమా నోవో' అనే నవ్య సినిమా ఉద్యమానికి సారథి. తరువాతి సహచరుడు రొజేరియో స్గాంజెర్లా ఆ ఉద్యమాన్నే ధిక్కరించిన 'సినిమా మార్జినల్' ధోరణికి ముఖ్యుడు. ఈ అమరికలో ఆమెకు దక్కిన బిరుదు 'స్ఫూర్తిదేవత'. పైకి గౌరవంగా కనిపించే ఈ మాట ఆమె చేసిన పనిని మరుగుపరుస్తుంది. 2000 తరువాత ఆమె తీసిన చిత్రాలను పాత చిత్రాలతో కలిపి చూసినప్పుడు, దర్శకత్వం ఆమెకు మలివయసులో అబ్బిన కొత్త విద్య కాదనీ, నటిగా మొదలుపెట్టిన రచనకే కొనసాగింపనీ తెలుస్తుంది.

సాల్వడార్ నగరంలో, బహియా విశ్వవిద్యాలయ నాటకశాలలో ఆమె శిక్షణ పొందింది. రోషా తొలి లఘుచిత్రం 'పాతియో' (1959)లో చదరంగపు గళ్ల నేలపై కదిలే రెండు దేహాలలో ఒకటి ఆమెది. 1966లో జొవాకిం పెద్రో ద అంద్రాదె తీసిన 'మతగురువు, యువతి' చిత్రంలోని మరియానా దాదాపు మౌనంతోనే నడిచే పాత్ర.

ఆ మౌనం 'అందరి స్త్రీ' (1969)లో బద్దలైంది. 1968 డిసెంబరు 13న సైనిక ప్రభుత్వం అయిదవ సంస్థాగత శాసనం తెచ్చి పౌరహక్కులను అణచివేసిన తరువాతి కాలమది. స్గాంజెర్లా దర్శకత్వంలో ఆమె ధరించిన ఏంజెలా పాత్ర చుట్ట కాలుస్తుంది, ప్రియులను ద్వీపానికి రప్పించుకుంటుంది, ధనిక భర్తను లెక్కచేయదు. కథగా చూస్తే ఇందులో ఉన్నది కొంచెమే. చిత్రాన్ని నిలబెట్టేది ఆమె నవ్వు, నడక, సంభాషణ మధ్యలో హఠాత్తుగా మారే స్వరం. నటి పాత్రలో లీనం కాకుండా, పాత్రను చేతిలో పట్టుకొని ప్రేక్షకుడికి చూపుతున్నట్టుంటుంది. బ్రెహ్ట్ కోరిన ఈ ఎడాన్ని ఆమె చవకబారు హాస్యచిత్రాల అల్లరితో కలిపింది. ఇటువంటి లయను స్క్రిప్టు రాసి ఇవ్వలేదు. దాని కర్త నటే. 1970లో స్గాంజెర్లా, జూలియో బ్రెస్సానెలతో కలిసి బెలయిర్ సంస్థలో పనిచేసినప్పుడు కొద్దినెలల్లోనే పలు చిత్రాలు పూర్తయ్యాయి. ఆ వేగంలో తక్షణస్ఫురణకు దొరికిన చోటు తక్కువేమీ కాదు. ఆ వెంటనే వారు దేశం విడిచారు.

2004లో స్గాంజెర్లా మరణించాడు. ఆయన స్క్రిప్టు ఆధారంగా, ఇకారో మార్తిన్స్‌తో కలిసి ఆమె రూపొందించిన 'చీకట్లో వెలుగు' (2010) ఆయన 1968 నాటి ప్రసిద్ధ చిత్రానికి కొనసాగింపు. భర్త వారసత్వాన్ని కాపాడే భార్య అన్న ముద్ర ఆమెపై పడటానికి ఈ చిత్రం కొంత అవకాశమిచ్చింది. నిజానికి ఇందులో భక్తి పాలు ఎక్కువై, కొన్ని చోట్ల పాత చిత్రపు నీడే మిగిలింది. ఆమె స్వరం స్పష్టంగా వినిపించేది ఇతర రచనలను తనవిగా మలచుకున్నప్పుడు. బ్రెహ్ట్ తొలి నాటకంలోని బాల్ స్త్రీలను వాడుకొని వదిలేసే కవి. ఆ కథను 'బాల్ గీతం'లో ఒక స్త్రీ చెప్పడంతోనే చూపు మారిపోతుంది. తెలుగువారికి 'అమ్మ' నవలతో పరిచితుడైన గోర్కీ నాటకం నుంచి 'రాలే' (2015) పుట్టింది.

వీటన్నిటికంటే 'ఫకీర్' (2019) బలమైనది. తెలుగులో ఫకీరు అంటే భిక్షాటన చేసే విరాగి. బ్రెజిల్‌లో ఆ మాట సర్కస్ వైపు మళ్లి, మేకుల పడకపై, అద్దాల పెట్టెలో, పాముల మధ్య రోజుల తరబడి ఉపవాసముండే ప్రదర్శకుల పేరైంది. వారిలో స్త్రీలూ ఉన్నారు. టికెట్టు కొన్న జనం వారి ఆకలిని చూసి వెళ్లేవారు. దశాబ్దాలుగా చూడబడే వృత్తిలో ఉన్న నటి ఈ మరుగునపడిన స్త్రీలను వింత మనుషులుగా గాక తోటి కళాకారిణులుగా చూపింది. ఈ డాక్యుమెంటరీలో జాలి స్వరం వినిపించదు. 2023లో వచ్చిన చిత్రంలో ఆమె దర్శకురాలు మాత్రమే కాదు, ప్రధాన పాత్రధారిణి కూడా.