మోగే కుండ, మెరిసే కప్పు

ఇంగ్లిష్ స్టూడియో కుమ్మరి బెర్నార్డ్ లీచ్ 1940లో ‘ఎ పాటర్స్ బుక్’ వెలువరించినప్పుడు మొదటి అధ్యాయమంతా ప్రమాణం గురించే రాశాడు. మంచి కుండ అంటే ఏది, దాన్ని ఎవరు తేల్చాలి అన్నది ఆయన్ని వేధించిన ప్రశ్న. ఇంగ్లండులో ఆ మాట చెప్పగలిగిన పల్లెల్ని అప్పటికే ఫ్యాక్టరీలు మింగేశాయి. దాంతో ఆయన వెయ్యేళ్లు వెనక్కి నడిచి చైనా సాంగ్ రాజుల కాలపు పాత్రల్ని కొలబద్దగా తెచ్చుకున్నాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో సారె తిప్పిన కుమ్మరికి ఆ వెతుకులాట అవసరపడలేదు. అంగట్లో కుండను ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసే ఆడమనిషే అతని కొలబద్ద. కంగున మోగితే కొంటుంది, మొద్దుగా పలికితే పక్కన పెడుతుంది.

లీచ్ లాంటి స్టూడియో కుమ్మరి పనినీ, ఊరి కుమ్మరి పనినీ పోల్చేవాళ్లు మామూలుగా ఒకదాన్ని కళ అంటారు, రెండోదాన్ని కులవృత్తి అంటారు. మొదటిదానికి గ్యాలరీ, రెండోదానికి జాలి. ఈ పంపకం వల్ల పని వైపు చూడటమే మానేశాం. నిజానికి ఇద్దరి పనీ ఒకే చోట మొదలవుతుంది. మట్టిని గాలి లేకుండా, గడ్డ లేకుండా పదును చేసుకోవాలి. స్టూడియోలో బల్ల మీద అరచేతులతో పిసుకుతారు, ఊళ్లో కాళ్లతో తొక్కుతారు. ఎవరు ఎంత చదువుకున్నా, కుండలో తేమ మిగిలితే కాల్చేటప్పుడు అది ఆవిరై గోడను పగలగొడుతుంది.

తేడా మట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర మొదలవుతుంది. స్టూడియోకి మట్టి సంచుల్లో వస్తుంది. చైనా క్లే, బాల్ క్లే, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ తూకం వేసి కలుపుతారు. ఆ పాళ్లు కొంచెం మారినా పైపూతలో పగుళ్లు తేలతాయి, కనుక నోటు పుస్తకం పక్కనే ఉండాలి. మన కుమ్మరిది చెరువు మట్టి. గణపురం గణపసముద్రం, బయ్యారం చెరువు లాంటి కాకతీయుల నాటి తటాకాలున్న నేల ఇది. నీళ్లు తగ్గిన ఎండాకాలంలో చెరువు అడుగు ఒండ్రు తవ్వి తెచ్చి, వానలు పడేలోపు ఇంటి ముందు కుప్ప పోసుకోవాలి. ఎంత ఇసుక, ఎంత బూడిద కలపాలో చేతికే తెలియాలి. బయ్యారం అనగానే ఇనుప ఖనిజం గుర్తుకొస్తుంది. కుండకు ఎరుపు కూడా మట్టిలోని ఇనుము చలవే. కాల్చేటప్పుడు గాలి బాగా ఆడితే ఎరుపు తేలుతుంది, పొగ కమ్మితే నలుపు. తెలంగాణ బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండల్ని కాల్చినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. స్టూడియో వాళ్లు ‘రిడక్షన్’ అని క్లాసులు పెట్టి నేర్పేది ఇదే.

సారె దగ్గర తేడా ఇంకా సూక్ష్మం. స్టూడియో కప్పు సారె మీదే దాదాపు పూర్తవుతుంది. మర్నాడు కాస్త గట్టిపడ్డాక తలకిందులుగా పెట్టి, అడుగున మిగిలిన మందాన్ని చెక్కి తీసేస్తారు. ఊళ్లో పెద్ద కుండకు సారె మీద కుదిరేవి మూతి, మెడ, భుజం మాత్రమే. తర్వాత నీడలో ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి పొట్టను సాగదీస్తారు, అడుగును గుండ్రంగా మూస్తారు. ఒకరిది మట్టిని తగ్గించే పద్ధతి, మరొకరిది అదే మట్టిని విస్తరించే పద్ధతి. తట్టిన గోడ పలచగానూ బిగువుగానూ ఉంటుంది. గుండ్రటి అడుగు మూడురాళ్ల పొయ్యి మీద కుదురుగా కూర్చుంటుంది, మంట అన్ని వైపులా సమంగా తాకుతుంది. డైనింగ్ టేబుల్ మీద మాత్రం దొర్లుతుంది. దాన్ని లోపమనేవాళ్లు ముందు తమ టేబుల్ వంక చూసుకోవాలి.

ఇక కాల్పు. స్టూడియోలో కాల్చే స్టోన్‌వేర్ పాత్ర 1,200 నుంచి 1,300 డిగ్రీల వేడి చూస్తుంది. అక్కడ మట్టి సగం గాజుగా మారి రంధ్రాలు మూసుకుపోతాయి. కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి పైన మట్టి మెత్తి కాల్చే ఊరి ఆవం సాధారణంగా 900 దాటదు. దీన్ని వెనుకబాటుగా రాసినవాళ్లున్నారు. అయితే రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఆ తక్కువ కాల్పు వల్లే. గోడలో మిగిలిన సన్నటి రంధ్రాల గుండా తేమ బయటికి వచ్చి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. అదే రంజన్‌ను స్టోన్‌వేర్ మట్టితో చేసి 1,250 డిగ్రీల్లో కాల్చితే గోడ ఊరదు, మే నెల ఎండకు నీళ్లు వెచ్చగానే ఉంటాయి. స్టోన్‌వేర్ కప్పుకూ దాని న్యాయం దానికుంది. చాయ్ మరక అంటదు, వాసన పట్టదు, రోజూ సబ్బుతో తోమినా చెక్కు చెదరదు. రెండూ వాటి వాటి ప్రశ్నలకు సరైన జవాబులే. ఒకదాని జవాబుతో రెండోదాన్ని దిద్దబోతేనే విమర్శ దారి తప్పుతుంది.

ఈ నేల మీద కుండను చెవితో విన్న కవి ఒకడున్నాడు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కథ చెప్పాడు. గుండయ్య కుండనే వాద్యం చేసి వాయిస్తుంటే శివుడు వచ్చి ఆడాడట. ఈ కథలో సాధారణంగా భక్తినే చూస్తారు. నాకు మాత్రం అందులో పనివాడి చెవి కనిపిస్తుంది. కుండ మోగిందంటే లోపల పగులు లేదని, కాల్పు అందిందని అర్థం. అంగట్లో ఆ ఆడమనిషి అడిగే ప్రశ్న కూడా అదే. లీచ్ పుస్తకంలో ఆకారం, పైపూత, వాము కట్టే తీరు ఎంతో ప్రేమతో ఉంటాయి. ఆయన ప్రమాణం మాత్రం ప్రధానంగా కంటిది, చేతిది. మ్యూజియం అద్దం వెనక ఉన్న సాంగ్ గిన్నెను ఎవరూ కొట్టి చూడరు మరి.

పేరు విషయంలో స్టూడియో లోకం ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. జపాన్‌లో తత్వవేత్త యనాగి సోఎత్సు పేరులేని పనివాడి గొప్పతనాన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు. 1920లో లీచ్‌తో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో వాము పెట్టిన హమాదా షోజీ, జపాన్ తిరిగి వెళ్లాక మషికోలో చేసిన పాత్రల మీద సంతకం మానేశాడు. సంతకం లేకపోవడమే ఆయన గుర్తింపైంది, ధరా పెరిగింది. మన కుమ్మరి కుండ మీదా సంతకం లేదు. కానీ ఊరంతటికీ అది ఎవరి ఇంటి కుండో తెలుసు. పెళ్లికి ఐరేని కుండలు డప్పులతో వెళ్లి తెచ్చేది ఆ ఇంటి నుంచే. బోనం కుండ, ఉగాది పచ్చడి కుండ, చివరికి శవం వెంట పట్టుకెళ్లే కుండ కూడా అక్కడివే. వీటిలో కొన్ని పగలడం కోసమే చేసినవి. కలకాలం నిలవాలని చేసే కప్పుకూ, ఒక్క పూట పనికి చేసే కుండకూ ఒకే సౌందర్యశాస్త్రం సరిపోదు.

స్త్రీల విషయంలో మాత్రం నేను నిస్సంకోచంగా స్టూడియో పక్షం. 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని రే మీకర్‌తో కలిసి స్థాపించింది డెబొరా స్మిత్. మన దేశపు నేటి స్టూడియో కుమ్మరుల్లో ఎందరో ఆ బడి నుంచి వచ్చినవాళ్లే, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఊళ్లో కుమ్మరి ఇంటి స్త్రీ మట్టి మోస్తుంది, జల్లిస్తుంది, తొక్కుతుంది, జాజు పూస్తుంది, ఎండకూ నీడకూ మారుస్తుంది, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకొస్తుంది. సారె మీద చెయ్యి వేయడం మాత్రం ఆచారం ఒప్పుకోదు. సగం పైగా పని చేసిన మనిషికి కుమ్మరి అన్న పేరు దక్కకపోవడాన్ని సంప్రదాయమంటూ మెచ్చుకోలేం. ఈ మధ్య వస్తున్న కరెంటు సారెలకు కర్రతో తిప్పే బరువు లేదు కనుక, ఆ పాత సాకు కూడా ఇప్పుడు చెల్లదు.

అన్నిటికన్నా పెద్ద తేడా నష్టం ఎవరిదన్న దగ్గర ఉంది. లీచ్ కూడా సంతకం చేసిన కూజాల మీదే బతకలేదు. సెయింట్ ఐవ్స్‌లో కేటలాగు వేసి, అందరూ కొనగల ధరకు రోజువారీ గిన్నెలూ జగ్గులూ వరసగా చేయించి ఇల్లు నడిపాడు. ఇప్పటి స్టూడియోలు చాలావరకు వారాంతపు శిక్షణ తరగతుల రుసుముతో నిలబడుతున్నాయి. కప్పులు పోయినా తరగతి ఫీజు ఉంటుంది. పైగా వాములో పాడైన వాటి ఖర్చు మిగిలిన కప్పుల ధరలో కలిసే ఉంటుంది. కుమ్మరికి ఒకప్పుడు ఆ భరోసా కళ్లంలో దొరికేది. పంట ఇంటికొచ్చినప్పుడు రైతు కొలిచిచ్చే గింజల్లో ఏడాది కుండల లెక్క తీరేది. అందులో కులం పెట్టిన తలవంపు ఉన్న మాట నిజమే, ఆవం చెడినా తిండికి లోటు రాకపోవడమూ నిజమే. ఆ లెక్క పోయింది. దాని స్థానంలో వచ్చిన నగదు అంగడి, విరిగిన కుండకు పైసా ఇవ్వదు. ఆవం పేర్చిన రాత్రి వాన పడితే నెల పని బురదైపోతుంది. తాటివనాల్లో మట్టి లొట్టి బదులు ప్లాస్టిక్ వేలాడుతోంది. మిగిలింది ఎండాకాలపు రంజన్లు, దీపావళి ప్రమిదలు.

నగరంలో స్టూడియో కప్పు కొనేటప్పుడు మనం బేరమాడం. అంటే వాములో విరిగిన వాటి ఖర్చును మారు మాట లేకుండా భరిస్తాం. జనగామ రోడ్డు పక్కన రంజన్ దగ్గర ఆగినప్పుడూ ఆ మర్యాదే పాటించండి. కొట్టి చూడండి, అది మీ హక్కు. మోగితే అడిగిన ధర ఇవ్వండి.