పొట్లకాయ గొట్టాలు

"జొన్న పాస్తా తింటే షుగర్ పెరగదంట గదా అక్కా?" మా కాలనీలో ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. మేడ్చల్‌లోనైనా శామీర్‌పేటలోనైనా సూపర్‌మార్కెట్‌కు వెళ్తే మామూలు పాస్తా పక్కనే జొన్న, రాగి, కొర్ర పాస్తా ప్యాకెట్లు కనిపిస్తున్నాయి. రాజేంద్రనగర్‌లో ఉన్న చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న పాస్తా, జొన్న సేమియా తయారీ మీద ఎంతో పని చేసింది. మంచి పని. జొన్నలో పీచు ఎక్కువ, మెట్ట రైతుకు గిరాకీ ఎక్కువ. కానీ పిండి పదార్థం తగ్గించుకుందామని ఆ ప్యాకెట్ కొనేవాళ్లు ముందు దాన్ని వెనక్కి తిప్పి చదవాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు. జొన్నలో 68, రాగిలో 67. గోధుమ రవ్వ పాస్తాలో 70 నుంచి 75 దాకా ఉంటుంది. పాస్తా నుంచి జొన్నకు మారితే తగ్గేది ఒక చెంచాడే. పైగా చాలా ప్యాకెట్లలో జొన్నతో పాటు గోధుమ రవ్వ కూడా కలిసే ఉంటుంది.

2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం కూడా ఇదే తేల్చింది. మన దేశంలో తినే కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్ల బియ్యం తీసేసి గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నా, మొత్తం పిండి పదార్థం తగ్గకపోతే మధుమేహం ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండి పదార్థంలో కొంత భాగాన్ని పప్పులు, పాల మాంసకృత్తులతో మార్చుకున్నప్పుడు తేడా కనిపించింది. తెలంగాణ సోనా బియ్యం విషయంలోనూ ఇదే పొరపాటు వింటుంటాను. ఆ రకం (ఆర్ఎన్ఆర్ 15048) గ్లైసిమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది, నిజమే. అంటే చక్కెర నిదానంగా ఎక్కుతుంది. అంతేగానీ అందులో ఉన్న పిండి ఎక్కడికీ పోలేదు. ఆ మాటకొస్తే అసలైన పాస్తా కూడా నిదానమే. దానికి వాడే బన్సీ రవ్వలోని గ్లూటెన్ పిండి రేణువులను పట్టి ఉంచుతుంది కాబట్టి తెల్లన్నం కన్నా మెల్లగా అరుగుతుంది. చిక్కంతా కంచం నిండా పెట్టుకోవడంతోనే.

2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి ఊరూరా పాకింది. అన్నం, రొట్టె బంద్. కొబ్బరినూనె, నిమ్మకాయలు, కూరలు, మాంసం. దాని మీద డాక్టర్ల వాదోపవాదాలు అందరికీ తెలిసినవే. నేను దగ్గర నుంచి చూసింది వేరే. మొదలుపెట్టినవాళ్లు చాలామంది మానేసింది ఆకలికి తాళలేక కాదు. ఇంటిల్లిపాది ఒకటి తింటుంటే తామొక్కరే వేరే గిన్నె ముందేసుకుని కూర్చోవడం భరించలేకపోయారు. మా అత్తమ్మకు షుగర్. ఆమె మనవరాలికి వైట్ సాస్ పాస్తా ప్రాణం. ఇద్దరూ ఒక్క బల్ల దగ్గర, ఒక్క రుచి తినాలన్నది నా పట్టుదల. పాస్తాకు బదులు వెతకడం మా ఇంట్లో అక్కడే మొదలైంది.

ఈ పనిలో మెళకువంతా నీళ్లలో ఉంది. పాస్తా నీళ్లు తాగుతుంది. వంద గ్రాములు ఉడికేసరికి రెండింతలు దాటుతుంది, తన గంజితో సాస్‌ను చిక్కబరుస్తుంది. కూరగాయ తీరు అందుకు పూర్తిగా వ్యతిరేకం. సొర, బీర, పొట్ల అన్నిట్లోనూ తొంభై శాతం పైన నీళ్లే. వేడి తగలగానే వదిలేస్తాయి. వాటిని పాస్తాలాగా ఉప్పు నీళ్లలో ఉడికించమని చెప్పే వంటకం ఏదైనా సరే, పక్కన పెట్టేయండి. నీటిని ముందే లాగేయాలి, సాస్‌ను గట్టిగా చేసుకోవాలి. గంజి చేసే పనికి వేరే మనిషిని పెట్టుకోవాలి: ఎర్ర సాస్‌కు వేయించిన పల్లీల పొడి లేదా నువ్వుల పొడి, తెల్ల సాస్‌కు పాలతో మెత్తగా రుబ్బిన పనీర్. మైదా అక్కర్లేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది పొట్లకాయ. వంద గ్రాములకు పిండి పదార్థం నాలుగు గ్రాముల లోపే. గింజ తీసేస్తే అది పుట్టుకతోనే గొట్టం. రాజీవ్ రహదారి పక్కన కూరగాయలు పెట్టుకుని కూర్చునే పెద్దమ్మ ఒకామె ఏరి ఇస్తుంది. "గట్టిగున్నది తీస్కో బిడ్డా, మెత్తగైతే లోపట గింజ ముదిరినట్టే." రెండంగుళాల ముక్కలుగా ఏటవాలుగా కోసి, చెంచా కాడతో లోపలి గుజ్జు తోడేసి, ఉప్పు రాసి అరగంట వదిలేస్తాను. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. గొట్టం చితకకుండా రెండు అరచేతుల మధ్య వత్తి, బట్ట మీద ఆరబెట్టి, వెడల్పాటి ఇనుప మూకుడులో పెద్ద మంట మీద కొన్ని కొన్నిగా వేయించాలి. ఒక్కసారే అన్నీ కుమ్మరిస్తే మూకుడు చల్లబడి, మళ్లీ నీళ్లే. అంచులు ఎర్రబడగానే దించి, అప్పుడు సాస్‌లో కలపాలి. గొట్టం లోపల సాస్ నిలుస్తుంది. కొరికినప్పుడు నోట్లోకి వచ్చేది అదే, పిల్లలు ఇష్టపడేదీ అదే.

ఇందులో పెద్ద కొత్తేమీ లేదని అత్తమ్మ ఒక్క ముద్దకే పట్టేసింది. పొట్లకాయను ఉప్పేసి పిండడం, పాలు పోసి తెల్లగా వండడం మన ఆడవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనులే. నేను వెల్లుల్లి, మిరియాలు, పనీర్ చేర్చానంతే. పొట్లకాయలో కోడిగుడ్డు మాత్రం కలపనివ్వదు. ఆ రెండూ కలిపి తినకూడదన్నది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న కట్టు. నాకు అందులో ఇబ్బందేమీ లేదు, గుడ్డుకు వేరే పూట ఉంది.

పొడవాటి నూడుల్స్ కావాలంటే పచ్చి బొప్పాయి. పూర్తిగా కాయ దశలో ఉండాలి, లోపల గింజ తెల్లగా ఉండాలి. సన్నగా తురిమి వేడి నూనెలో రెండు నిమిషాలు తిప్పితే తీగ తెగకుండా నిలుస్తుంది. సొరకాయకు ఆ బిగువు లేదు. క్యాబేజీని రిబ్బన్లుగా కోస్తే బాగానే ఉంటుంది గానీ దాని వాసన తెల్ల సాస్‌ను మింగేస్తుంది, ఎర్ర సాస్‌కే వాడాలి.

ఆన్‌లైన్‌లో కొంజాక్ నూడుల్స్ దొరుకుతున్నాయి. కొంజాక్ అంటే జపాన్‌వాళ్లు ఎన్నో తరాలుగా తింటున్న దుంప. ఆ నూడుల్స్‌లో నీళ్లు, గ్లూకోమానన్ అనే పీచు తప్ప దాదాపు ఏమీ ఉండదు. ఆ మొక్క మన కందకు స్వయానా జ్ఞాతి, రెండూ అమోర్ఫోఫాలస్ ప్రజాతివే. అయితే కందలో ఉండేది ఎక్కువగా పిండే, దాన్ని కొంజాక్‌లా వాడుకోలేం. కొంజాక్ నూడుల్స్‌కు చేపల్లాంటి వాసన ఉంటుంది; ప్యాకెట్ నీళ్లు పారబోసి, బాగా కడిగి, నూనె లేకుండా పొడి మూకుడులో వేయిస్తే అది పోతుంది. ధర చూస్తే మాత్రం చేయి వెనక్కి పోతుంది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మా మేడ్చల్ వైపు నేల మీద, ప్లాట్ల హద్దురాళ్ల మధ్య ఇంకా పందిళ్లు వేసి బీర, కాకర, పొట్ల పండించేవాళ్లు ఉన్నారు. నా డబ్బు వాళ్లకు చేరాలని ఉంటుంది నాకు.

ఒక మాట మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం, పాస్తా ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కంచం మార్చే ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి.

ఇక స్కూల్ డబ్బా సంగతి. పొట్లకాయ గొట్టాలు వేడివేడిగా తినాల్సిందే, మధ్యాహ్నానికి అడుగున నీళ్లు చేరతాయి. డబ్బాలోకి గుడ్డు అట్టే సరైనది. రెండు గుడ్లు చిటికెడు ఉప్పుతో గిలకొట్టి, పల్చగా పోసి, ఆరాక చాపలా చుట్టి, వేలెడు వెడల్పున కోస్తే రిబ్బన్లు వస్తాయి. టమాటా, పల్లీల సాస్‌ను విడిగా చిన్న గిన్నెలో పెట్టి పంపండి, పిల్లలే కలుపుకుంటారు.