వెలలేని శ్రమ, వెల అడిగే చేయి: ఆధునిక తెలుగు సాహిత్యంలో వృత్తినిపుణుల కూలి

వ్యాస సంగ్రహం

ఆధునిక తెలుగు సాహిత్యం శ్రమను కీర్తించినంతగా ఆ శ్రమకు చెల్లించవలసిన కూలిని చర్చించలేదు. చేతిపని తెలిసిన వృత్తినిపుణుడు తన పనికి తానే ధర చెప్పే సందర్భం మరీ అరుదు. సామెతలు, ‘మాలపల్లి’, ‘గబ్బిలం’, ‘ప్రతిజ్ఞ’ ఆధారంగా కూలి న్యాయాన్ని గురించిన నాలుగు దృష్టులను, అంటే అనుమానం, హక్కు, ఋణం, అమూల్యత అన్న వాటిని, ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కూలి, మజూరి, మేర, నేర్పు, శ్రమ విలువ.

1. ప్రస్తావన

విజయవాడకు పడమట, కృష్ణ ఒడ్డున, హైదరాబాదు రహదారిని ఆనుకొని ఉన్న పేట భవానీపురం. ఇటువంటి పేటల్లో తాపీమేస్త్రీకి, వడ్రంగికి, ప్లంబరుకు, ఎలక్ట్రీషియనుకు పని చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే వివాదం తలెత్తుతుంది. పది నిమిషాల్లో కుళాయి బాగుచేసిన వ్యక్తి అడిగిన సొమ్ము ఇంటివారికి ఎక్కువగా తోస్తుంది. పది నిమిషాల్లో ముగించగలగడమే తన నేర్పు అని పనివాడు భావిస్తాడు. ఒకరు కాలాన్ని కొలుస్తున్నారు, మరొకరు నేర్పును కొలుస్తున్నారు. రెండు కొలతలు వేరు కాబట్టి బేరం కుదిరినా తగవు తీరదు.

ఈ తగవు కేవలం అర్థశాస్త్రానికి సంబంధించినది కాదు. ఏ పనికి ఎంత న్యాయం అన్న భావన భాషలో, సామెతలో, కథలో, కవిత్వంలో రూపొందుతుంది. తెలుగు సాహిత్యం ఆ భావనను ఎలా తీర్చిదిద్దిందో చూడడం ఈ వ్యాస లక్ష్యం.

2. సామెతలు: జాలి, అనుమానం

‘కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు’ అన్న సామెతను సాధారణంగా నిర్మాణం కష్టం, విధ్వంసం సులభం అన్న అర్థంలో వాడతారు. అయితే అందులో ఒక లెక్క కూడా ఉంది. కుండ వెల వెనుక కుమ్మరి వెచ్చించిన ఏడాది ఉందని ఆ సామెత గుర్తిస్తుంది. వస్తువును చూసేవారికి ఆ ఏడాది కనిపించదు, పగిలినప్పుడే కనిపిస్తుంది.

కంసాలి విషయంలో సామెతల ధోరణి దీనికి భిన్నం. కన్నతల్లి నగలోనైనా అతడు బంగారం తీస్తాడన్న భావం గల సామెత తెలుగునాట ప్రసిద్ధం. దీనిని కులాన్ని గురించిన తీర్పుగా స్వీకరించడం అన్యాయం. ఆ అనుమానానికి మూలం లావాదేవీ స్వభావంలోనే ఉంది. నగ చేయించేవారు రెండు ఖర్చులు భరించాలి. ఒకటి మజూరి, అంటే చేతిపనికి ఇచ్చే ప్రతిఫలం. రెండవది తరుగు, అంటే కరిగించడంలో, అరగదీయడంలో పోయే లోహం. మజూరి ముందే మాట్లాడుకోవచ్చు, తరుగును మాత్రం కొనేవారు స్వయంగా తూచలేరు. తాము పరీక్షించలేని లెక్కను అనుమానించడం మానవ సహజం. నేడు గోడలోపలి తీగను, నేలలోపలి గొట్టాన్ని బాగుచేసేవారి మీద పడుతున్నదీ ఇదే అనుమానం. పనివాడి శీలాన్ని గురించి సామెత చెప్పేది స్వల్పం. చేయించుకొనేవారి అజ్ఞానాన్ని గురించి చెప్పేది అధికం.

3. మేర నుంచి కూలికి

కోస్తా గ్రామాల్లో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి వృత్తులవారికి పంట కళ్లంలో ధాన్యపు వాటా దక్కేది. దానిని ‘మేర’ అనేవారు. నాగలికి ఎన్నిసార్లు కర్రు కాల్చినా విడిగా ధర ఉండదు. ధర అడిగే అవసరం లేదు, అడిగే అధికారమూ లేదు. పని దొరకని రోజు ఆకలి భయం కొంత తగ్గేది. కానీ వాటా పరిమాణాన్ని నిర్ణయించేది ఆచారం, ఆ ఆచారానికి వెన్నెముక కులం. విశ్వనాథ సత్యనారాయణ 1934లో రచించిన ‘వేయిపడగలు’ పాత గ్రామవ్యవస్థ కూలిపోవడాన్ని మహావిషాదంగా చూస్తుంది. పరస్పర బాధ్యత నశించిందన్న ఆ నవల వేదనలో నిజం ఉంది. అయితే వాటా సరిపోదని చెప్పుకోవలసిన కమ్మరి దృష్టి నుంచి చూస్తే, పోయిన దానిలో భద్రతతో పాటు మౌనం కూడా ఉంది.

ఆ మౌనం ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో (1922) భగ్నమవుతుంది. కూలి గింజల రూపంలో ఇవ్వాలా, డబ్బు రూపంలో ఇవ్వాలా అన్నది అందులో ప్రధాన వివాదాల్లో ఒకటి. ధాన్యం ధర పెరిగే కాలంలో డబ్బు కూలి అంకె మారకపోయినా కడుపులోకి చేరే గింజ తగ్గుతుంది. న్యాయమైన కూలిని అంకెతో కాక ఆ అంకె కొనగల తిండితో కొలవాలన్న ఎరుక ఈ ఘట్టంలో ఉంది. కూలీల పక్షం వహించిన సంగదాసు చివరకు భూస్వామి చౌదరయ్య దెబ్బకు ప్రాణాలు కోల్పోతాడు. కూలిరేటును కథకు ప్రాణాంతకమైన అంశంగా మలచడం ఉన్నవ సాధించిన విశేషం. అయితే ఇది వ్యవసాయ కూలీల సమష్టి హక్కుకు సంబంధించిన పోరాటం. ఇంటింటికీ ఒంటరిగా వెళ్లి ధర చెప్పే నిపుణుని సమస్య దీని పరిధిలోకి రాదు.

4. ఋణం, అమూల్యత

జాషువ ‘గబ్బిలం’ (1941) ఈ చర్చకు మరొక పదాన్ని అందిస్తుంది. ఇతరుల పాదాలు నొవ్వకుండా చెప్పులు కుట్టి బతికే కావ్యనాయకుడు ఆ పనిని ఎన్నడూ కాదనలేదని, కాబట్టి దేశమే అతనికి బాకీ పడిందని కవి అంటాడు. ఇక్కడ జాషువ కూలి అనకుండా అప్పు అనడం గమనార్హం. కూలి చెల్లిస్తే లావాదేవీ ఆ రోజుతో ముగుస్తుంది. అప్పు తీరేదాకా నిలిచి ఉంటుంది. చెప్పుల జతకు ఇచ్చే డబ్బు అంటరానితనపు అవమానానికి పరిహారం కాజాలదు. అందువల్ల ఋణభావన కూలి కన్నా బలమైన వాదం. దీనికొక పరిమితి కూడా ఉంది. బాకీదారు దేశం అయినప్పుడు వసూలు చేసుకోవడానికి ఏ గడప ఎక్కాలో చెప్పులు కుట్టేవానికి తెలియదు.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ (1950) సంపుటిలోని ‘ప్రతిజ్ఞ’ వృత్తుల పనిముట్లను వరుసగా స్మరించి, ఆ చెమటకు వెలకట్టగలవారు లేరని ప్రకటిస్తుంది. శ్రమను కేవలం సరుకుగా చూసే విలువల మీద అది తిరుగుబాటు. ఆ తిరుగుబాటు చారిత్రక ప్రాధాన్యం నిర్వివాదం. కానీ వెలకట్టలేనిది అన్న మాటకు కవిత్వం బయట మరొక జీవితం ఉంది. కళకు వెలకట్టగలమా అని వేదిక మీద శాలువా కప్పినవారే అంగడిలో అదే కళాకారుని బొమ్మకు సగం ధర అడుగుతారు. వెలకు అతీతమైనదని పొగడడం వెల తప్పించుకొనే మార్గంగా మారుతుంది. ఇది శ్రీశ్రీ దోషం కాదు. ఆ వాక్యాన్ని కీర్తనగా మాత్రమే చదివే అలవాటు దోషం. వెలకట్టలేరన్న మాటను ఇచ్చే వెల ఎప్పుడూ తక్కువే అన్న అభియోగంగా చదివినప్పుడు దాని పదును నిలుస్తుంది.

5. నేర్పు ఖరీదు

నేర్పుకు కాలంతో నిమిత్తం లేని ప్రతిఫలం ఉందన్న భావన కొత్తది కాదు. నూలు సన్నదా, ముతకదా, మధ్యరకమా అన్నదాన్ని బట్టి వేతనం నిర్ణయించాలని కౌటిల్యుని ‘అర్థశాస్త్రం’ విధించింది. 1878లో లండను న్యాయస్థానంలో చిత్రకారుడు విస్లర్, విమర్శకుడు రస్కిన్ మధ్య నడిచిన దావా ఇదే ప్రశ్నను లేవనెత్తింది. రెండు రోజుల పనికి 200 గినీలా అన్న ప్రశ్నకు, జీవితకాలపు జ్ఞానానికి ఆ ధర అని విస్లర్ బదులిచ్చాడు. అతడు గెలిచాడు, కానీ దక్కిన పరిహారం ఒక్క ఫార్దింగ్. ‘అన్‌టు దిస్ లాస్ట్’లో శ్రామికుని న్యాయమైన వేతనం కోసం వాదించిన రస్కినే ఈ కేసులో అడిగిన ధరను ఆక్షేపించినవాడు కావడం ఆలోచింపజేస్తుంది. శ్రామికుని పట్ల సానుభూతి ఉన్నవారు కూడా అతడు ధర చెప్పగానే తడబడతారు.

భవానీపురం మీదుగా సాగే రహదారికి చేరువలోనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మలో తెల్లపొణికి కర్రను ఆరబెట్టడం, చెక్కడం, భాగాలను మక్కుతో అతకడం, సున్నం పూయడం, రంగు వేయడం వంటి దశలు ఇమిడి ఉంటాయి. కొనేవారి చేతికి వచ్చేది చివరి దశ మాత్రమే. ఇంటికి పిలిచిన పనివాడి ధర కూడా ఇటువంటిదే. అందులో చేతికూలితో పాటు పనిముట్ల అరుగుదల, రాకపోకలు, పని నేర్చుకొన్న కాలం, పని దొరకని రోజులు ఉంటాయి. నెలలో 20 రోజులే పని దొరికితే ఆ 20 రోజుల కూలి 30 రోజుల బతుకును మోయాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టం యజమానికి, ఉద్యోగికి మధ్య సంబంధాన్ని ఉద్దేశించింది. ఇంటింటా స్వతంత్రంగా పనిచేసే నిపుణునికి అది రక్ష కాలేదు, అతన్ని పిలిచిన గృహస్థుకు కొలబద్దా కాలేదు.

అడిగిన ప్రతి ధరా న్యాయమని దీని అర్థం కాదు. నడిరాత్రి కరెంటు పోయిన ఇంటి నిస్సహాయతను ఆసరాగా చేసుకొని రేటు పెంచడం నేర్పుకు ప్రతిఫలం కాదు. ముందుగా చెప్పని ధర, విడమరచని లెక్క, పని చెడితే వహించని బాధ్యత, ఈ మూడూ అనుమానానికి ఆహారం.

6. ముగింపు

కవిత్వం రేట్ల పట్టిక కాదన్న ఆక్షేపణ రావచ్చు. నిజమే. కానీ పాఠకుని న్యాయబుద్ధిని తీర్చేది కవిత్వమే అయినప్పుడు, అది విడిచిపెట్టిన ఖాళీ కూడా విమర్శకు విషయమే. ఇక్కడ పరిశీలించిన రచనలు వృత్తికారునికి గౌరవం ఇచ్చాయి, సమష్టి హక్కు ఇచ్చాయి, దేశాన్నే అతనికి బాకీదారును చేశాయి. గడపలో నిలబడి ఇంత అవుతుందని చెప్పే గొంతు మాత్రం వాటిలో వినిపించదు. ఆ గొంతు నేటికీ సామెతలోని అనుమానానికే జవాబు చెప్పుకొంటున్నది. వృత్తి సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు పనిముట్ల వర్ణనతో ఆగక కూలి ప్రస్తావన వచ్చిన ప్రతి చోటును, అది రావలసి ఉండీ రాని చోటును కూడా గుర్తించవలసి ఉంది.